విజిలెన్స్ అప్ప

అప్ప పోయిందని ఆస్పత్రి నుంచి ఫోనొస్తే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, అనుమానం. నిజంగానే పోయిందా, లేక ఎవరెవరు ఏమంటారో చూద్దామని తనే చెప్పించిందా అని. చావు కబురు విని ఇలా అనుకోకూడదు. కానీ ఆవిడ పక్కన ఇన్నేళ్ళు కాపురం చేస్తే ఎవరికైనా ఇలాంటి బుద్ధే పుడుతుంది. నా చావు కబురు ఆవిడకి వెళ్ళి ఉంటే, "ఎవులు సెప్పినారు? నువ్వు కళ్ళతో సూసినావేటి?" అని ఫోన్లోనే నిలదీసి ఉండేది.

మా వైపు అక్కని అప్ప అంటారు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న మాట అది, ఇక్కడ బెంగాలీల మధ్యా హిందీవాళ్ళ మధ్యా ఇంకా వాడుతున్నాం. ఆవిడ నాకు చుట్టం కాదు. వాళ్ళాయనా మా ఆయనా వర్క్‌షాపులో పెయింట్ పని చేసేవారు, అన్నా తమ్ముడూ అని పిలుచుకునేవారు. అందుకని ఆవిడ మా ఆయనకి వదిన అయింది, నాకు అప్ప అయింది. పక్కపక్క క్వార్టర్లు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీద నుంచి ఆవిడ తల కనిపించకుండా తెల్లారేది కాదు.

మా క్వార్టర్ల లైన్లో అందరూ చాటున ఆవిడని విజిలెన్స్ అనేవారు. రైల్వేలో విజిలెన్స్ వాళ్ళంటే తెలుసు కదా, చెప్పాపెట్టకుండా వచ్చి పెట్టెలు తెరిపించి చూసేవాళ్ళు. అప్పకి ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. పాలు పోయించుకుంటే బొటనవేలి గోరు మీద చుక్క వేసి వంచి చూసేది. పాలవాడు బెంగాలీలో, "మాసీ, నీళ్ళు కలపలేదు" అని ఒట్టేసేవాడు. "సూడ్డానికేటి, అన్నీ బాగానే ఉంటాయి" అనేది ఆవిడ తెలుగులో, వాడికి అర్థం కాకపోయినా. ఖరిదా బజారులో చేపలవాడి దగ్గర మొప్ప ఎత్తి, కన్ను నొక్కి, అంతా అయ్యాక బుట్ట అడుగున ఉన్నది తియ్యమనేది. దుర్గాపూజ పందిట్లో పెట్టిన కిచిడీ ప్రసాదమైనా సరే, ముందు గోడ మీద కాకికి వేసి, అది తిని ఎగిరిపోయాకే తను నోట్లో పెట్టుకునేది.

ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చుకుంటే తేదీ చూడమని నా దగ్గరికి వచ్చేది. నేను చెప్పాక థాంక్స్ కాదు కదా ఒక్క ముక్క అనకుండా వెళ్ళి, అటువైపు క్వార్టర్లో బెంగాలీ దీదీ చేత మళ్ళీ చదివించేది. ఇద్దరి మాటా ఒకటైతేనే మాత్ర మింగేది. ఊరెళ్ళేటప్పుడు తలుపు లోపల బియ్యప్పిండి చల్లి వెళ్ళేది, తిరిగొచ్చాక అడుగుజాడలు ఉన్నాయేమో చూడ్డానికి. ఒకసారి నిజంగానే జాడలు కనిపించాయి. లైనంతా తిరిగి అందరి కాళ్ళకేసీ చూసి వచ్చింది. పిల్లి పాదాలు అప్పా అని నేను చూపించాను. కిటికీలోంచి పిల్లిని లోపలికి ఎవరు తోలారని అడిగింది.

నాకు ఆవిడంటే ఒళ్ళు మండేది. ఈ మాట ఆవిడ బతికుండగా ఆవిడ మొహం మీదే అన్నాను, ఇప్పుడు దాచుకునేదేముంది.

అంత అనుమానంలోనూ ఒక్క మనిషికి మాత్రం మినహాయింపు ఉండేది. వాళ్ళాయన. ఆయన తెచ్చిన చేప మొప్ప ఆవిడ ఏనాడూ ఎత్తి చూడలేదు. ఆయన కుళ్ళిన మామిడిపళ్ళు తెచ్చినా, ఎండకి అలా అయిపోయాయిలే అని కోసి పెట్టేది. ఆయన మాట్లాడడమే తక్కువ. ఆ తక్కువ మాటల్లో ఎక్కువ భాగం రంగు గురించే. క్వార్టరు బయటి గోడలకి డిపార్ట్‌మెంట్ వాళ్ళు రంగు వేయించేవారు కానీ, లోపలి తలుపులూ కిటికీలూ ఆయన సొంత చేత్తోనే వేసుకునేవాడు. బజారులో ఒక పాత దుకాణం ఉండేది. అక్కడికి వెళ్ళి డబ్బా మూత తియ్యకుండానే చేత్తో ఎత్తి ఊపి చూసేవాడు. తేలిగ్గా ఉంటే పక్కన పెట్టేసేవాడు. బరువున్న రంగే రంగు అనేది ఆయన నమ్మకం, పెయింట్ పని చేసిన మా వాళ్ళందరి నమ్మకం కూడా. చెయ్యి లాగేసే డబ్బా దొరికితే ఆ పూజకి కిటికీలు మెరిసిపోయేవి.

ఏటేటా ఒకటే ఆకుపచ్చ. పాతది గీకడం ఉండేది కాదు, దాని మీదే ఇంకో పూత. పూత మీద పూతపడి కిటికీ చెక్కల అంచులు గుండ్రంగా తయారయ్యాయి, తలుపులు పూర్తిగా మూసుకోవడం మానేశాయి. "మీ అన్న రంగేసిన కిటికీ ఉలెట్టి కొట్టినా పెచ్చు ఊడదు" అని అప్ప మా ఆయనతో చెప్పుకుని మురిసిపోయేది. మా ఆయన కూడా ఆ దుకాణంలోనే, ఆ రంగే కొనేవాడు. రెండిళ్ళ కిటికీలూ ఒకే తీరుగా ఉండేవి.

ఆయన పోయాక క్వార్టరు కొడుకు పేరు మీదికి మారింది. కొడుకుదీ రైల్వే ఉద్యోగమే. కోడలు హిజ్లీ క్యాంపస్‌లో ఏదో ఆఫీసులో పని చేసేది, పొద్దున్నే స్కూటీ వేసుకుని వెళ్ళిపోయేది. వాళ్ళకో ఆడపిల్ల. దాన్ని చూసుకోవడం అప్ప వంతు. అప్పుడప్పుడే నడుస్తున్న ఆ గుంటకి కిటికీ దగ్గర ఇనప్పెట్టె ఎక్కి నిలబడడమే పని. బయట టోటో రిక్షాలూ, షిఫ్టు వదిలినప్పుడు గుంపుగా వచ్చే సైకిళ్ళూ చూస్తూ, ఊచలు పట్టుకుని, కిటికీ కింది చెక్క మీద గడ్డం ఆనించి, ఆ చెక్కనే చీకుతూ ఉండేది. పళ్ళొస్తున్నాయి, దురద అనేది అప్ప. చీర చెంగుతో దాని మూతి తుడిచేది. ఆ చెంగు మీద పచ్చగా మరక నేనూ చూశాను. పిల్లలన్నాక ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటారు అనుకున్నాను.

ఆ ఏడు వానలకి ఆ కిటికీ రంగు పొక్కులు లేచింది. పూజ రాకముందే బాగు చెయ్యాలని కొడుకు పూనుకున్నాడు. తండ్రిలా మీద మీద పూసేసే రకం కాదు ఇతను. ఎక్కణ్ణుంచో సాండ్‌పేపరు మిషను తెచ్చి, పాత రంగంతా చెక్క కనిపించేదాకా గీకేశాడు. ఆ మోతకీ కంపుకీ పిల్ల ఉండలేదని పగలు మా ఇంట్లో దింపేవారు. నేనే అన్నం పెట్టాను, నేనే నిద్రపుచ్చాను. సాయంత్రం మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళేవారు. ఒకసారి దించడానికి నేనే వెళ్ళాను. మంచం మీద, నేల మీద, పిల్ల బొమ్మల మీద పల్చగా పచ్చటి పిండి. అప్ప పొడి చీపురుతో ఊడుస్తోంది, అది లేచి మళ్ళీ అక్కడే పడుతోంది. పిల్ల నా చంక దిగి ఆ నేల మీదే పాకుతూ బొమ్మ దగ్గరికి వెళ్ళింది.

కొత్త రంగు ఆరింది. కొన్నాళ్ళకే పిల్ల అన్నం మానేసింది. పొట్ట పట్టుకుని ఏడుపు, వాంతులు. మొహం పాలిపోయింది. కిటికీ ఎక్కడం కూడా మానేసి ఒక మూల పడుకుని ఉండేది. ముందు చూపించిన డాక్టరు నులిపురుగులన్నాడు, తర్వాతి డాక్టరు రక్తం తక్కువన్నాడు. కొడుకూ కోడలూ మందులు పోస్తున్నారు. అప్ప మాత్రం ఆ రెండు మాటలూ నమ్మలేదు, ఎందుకంటే అవి కలవలేదు.

ఆవిడ నమ్మిన సంగతి వేరు. పిల్ల మా ఇంట్లో తింది, ఆ తర్వాత జబ్బుపడింది.

ఒక పొద్దున నేను వంట చేస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"గుంటకి ఆ రోజుల్లో ఏటెట్టినావు?"

"అన్నం, పప్పు ఎట్టినాను. మురీలు ఎట్టినాను. ఏటప్పా?"

"ఏ నూనె?"

"మనం వాడే నూనే. ఒక కొట్లోనే కదా కొంటాం."

"ఒక కొట్లో కొంటే ఒకటే నూనవుతాదేటి?"

అంటూనే లోపలికి వచ్చి నా మురీల డబ్బా, అదే మరమరాల డబ్బా, మూత తీసి వాసన చూసింది. గుప్పెడు తీసి చెంగున ముడేసుకుంది. నడుముకి దోపుకున్న ఖాళీ టానిక్ సీసా తీసి నా నూనె అందులో పోసుకుంది. సీసా ముందే తెచ్చుకుందంటే, అడగడానికి వచ్చింది కాదన్నమాట, పట్టుకోవడానికి వచ్చింది.

"పట్టికెళ్ళి ఏటి సేస్తావు?" అన్నాను.

"సూపిస్తాను."

"ఎవులికి?"

"సూసీవోళ్ళకి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ మనవరాలికి ఉచ్చలూ దొడ్లూ ఎత్తినందుకు నాకు ఇదా బహుమానం అన్నాను. నీ బుద్ధికి ఆ పిల్ల దక్కదన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది, కానీ ఆ పూట ఇంకా పెద్ద మాటలే నోటిదాకా వచ్చాయి. ఆవిడ సీసా బిరడా బిగించుకుని వెళ్ళిపోయింది. మా ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "ఒగ్గెయ్. వదిన మనసు బాగోలేదు" అన్నాడు.

సాయంత్రానికి లైనంతా తెలిసింది. కుళాయి దగ్గర నేను బిందె పెడితే పక్కావిడ తన పిల్లాణ్ణి చెయ్యిపట్టి అవతలికి లాక్కుంది. పూజ అయ్యాక ఇళ్ళకి మిఠాయిలు పంచుకోవడం ఇక్కడి ఆచారం. ఏటా నా కొబ్బరి లడ్డూలకి దీదీ ఇంట్లో పిల్లలు కాచుకుని ఉండేవారు. ఆ ఏడు పళ్ళెం పంపితే, ఒంట్లో బాలేదని గుడ్డ కూడా తియ్యకుండా తిప్పి పంపింది. ఆ లడ్డూలు నేనే కూర్చుని తిన్నాను, ఏడుస్తూ. అప్ప మీద నాకు అప్పుడు పుట్టిన కోపం మామూలుది కాదు. ఆవిడ ఎదురుపడితే ఉమ్మేసి వెళ్ళేదాన్ని.

తర్వాత జరిగింది కోడలు చెప్పింది. అప్ప నా నూనె సీసా, నా మురీలు పట్టుకుని, కోడల్ని వెంటబెట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పిల్లని తీసుకెళ్ళింది. విషం పరీక్ష చెయ్యమంది. ఆ డాక్టరు చిన్నవాడు, బెంగాలీ కుర్రాడు. ముందు నవ్వాడట. "దీదిమా, పసిపిల్లకి విషం ఎవరు పెడతారు?" అన్నాడట. ఈవిడ కదల్లేదు. పరీక్ష చేస్తేనే లేస్తానని కుర్చీలో కూర్చుండిపోయింది. అతను విసుక్కుంటూనే పిల్ల కళ్ళూ చిగుళ్ళూ చూశాడు. మట్టి తింటుందా, సుద్ద తింటుందా అని అడిగాడు. కిటికీ చెక్క చీకుతుందని కోడలు చెప్పింది. ఇల్లు పాతదా అన్నాడు. ఈ మధ్య రంగు గీకారా అన్నాడు, అవునంది. అప్పుడిక నవ్వడం మానేసి రక్తం తీయించి కలకత్తా పంపాడు.

రక్తంలో సీసం ఉంది. ఉండకూడనంత ఉంది. పాత రంగుల్లో సీసం కలిపేవారనీ, ఆ చెక్క చీకడం వల్ల కొంచెం కొంచెంగా, గీకినప్పుడు లేచిన దుమ్ము వల్ల ఒక్కసారిగా పిల్ల ఒంట్లోకి వెళ్ళిందనీ డాక్టరు చెప్పాడు. పిల్లని వెంటనే ఆ ఇంట్లోంచి తీసుకెళ్ళమన్నాడు. పాలూ గుడ్లూ బాగా పెట్టమన్నాడు, ఇనుం మందు రాశాడు, రక్తం మళ్ళీ మళ్ళీ చూపించమన్నాడు. ఇంట్లో పొడి చీపురు పట్టొద్దు, తడిగుడ్డతోనే తుడవాలి, ఇక మీదట ఏ పాత రంగూ పొడిగా గీకొద్దు అన్నాడు. నా నూనె సీసా తిరిగి చేతిలో పెట్టాడట.

నా మీద అనుమానంతో చేయించిన పరీక్ష అది. ఆవిడ నన్ను అంత గట్టిగా అనుమానించి ఉండకపోతే, ఆ పిల్లకి ఇంకా నులిపురుగుల మందే పోస్తూ ఉండేవాళ్ళు. ఈ సంగతి తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలీదు.

కోడలు పిల్లని తీసుకుని ఖరిదాలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్ప మాత్రం ఊరుకోలేదు. మా ఇంట్లో సీసమేటి అంది. పరీక్ష చేసినవాళ్ళు వేరేవాళ్ళ రక్తంతో కలిపేశారంది. ఇంకోచోట మళ్ళీ చేయించింది. రెండు కాగితాలూ నా చేత ఒకసారి, దీదీ చేత ఒకసారి చదివించింది. అవును, నా చేతే. కాగితం నా ముందు పెట్టినప్పుడు ఆవిడ మొహంలో సిగ్గూ లేదు, తప్పు చేశానన్న భావమూ లేదు. చదవడం అయ్యాక కొంగు చాటు నుంచి టానిక్ సీసా తీసి, "ఇదిగో నీ నూని" అంది. అప్పు తీరుస్తున్నట్టు ఇచ్చింది. నేను తీసుకున్నాను. పిల్ల ఒళ్ళు అలా ఉంటే దేనికని దెబ్బలాడతాం.

రెండు కాగితాల మాటా కలిసింది. కనక ఇక ఆవిడ నమ్మాలి. నమ్మితే వచ్చే తంటా ఏమిటో నాకు ఆ సాయంత్రం తెలిసింది. ఆవిడ మా ఇంటికి వచ్చింది, ఈసారి కూర్చుంది. నాకేసి కాదు, మా ఆయనకేసి చూసింది.

"బాబూ, రంగులో సీసం ఉంటాదా?"

"ఆ రోజుల్లో ఉండీది వదినా."

"బరువు దానివల్లేనా?"

మా ఆయన "దానివల్లే" అన్నాడు.

"మీ అన్నకి తెలుసా?"

"ఎవులికీ తెలీదు వదినా. ఆ రోజుల్లో ఎవులికి తెలుసు."

అప్ప లేవలేదు. "ఆయన డూటీ నుంచి వస్తే తానం సేసిందాకా పిల్లల్ని ముట్టనిచ్చీవోడు కాదు" అంది. "ఎందుకు?"

"చేతికి అంటుకున్న రంగు మంచిది కాదని మాకు సెప్పీవారు. ఎండిపోయి చెక్కకి అతుక్కున్నాక ఏటీ సెయ్యదనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. నా కిటికీలకీ అదే కదా వదినా."

"మావోడూ ఆ కిటికీ కాడే పెరిగినాడు" అంది అప్ప. పాలవాణ్ణి చూసినట్టే మా ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. మా ఆయన కళ్ళు దించుకున్నాడు. నా కోపమంతా ఆ క్షణంలోనే పోయింది. లోకంలో ఒకే ఒక్క మనిషిని నమ్మింది ఆవిడ. ఇప్పుడు ఆ మనిషిని అనుమానించాల్సి వచ్చింది, అడుగుదామంటే ఆయన లేడు. ఆయన తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది తప్ప ఇక ఆవిడకి ఏదీ అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఆవిడ విజిలెన్స్ అంతా కిటికీల మీదికి మళ్ళింది. బజారు నుంచి ఒక బెంగాలీ పెయింటర్ని మాట్లాడింది. నేలంతా ప్లాస్టిక్ షీటు పరిపించింది, అతని ముక్కుకి గుడ్డ కట్టించింది. గీకే ముందు నీళ్ళు కొట్టాలి, గీకుతూ నీళ్ళు కొట్టాలి. అతను ఒక్క గీత పొడిగా గీకితే చాలు, "పానీ మారో, పానీ" అని పక్కనే నిలబడి కేకలు. "మాసీమా, నా పని నన్ను చేసుకోనీ" అని అతను దండాలు పెట్టాడు. ఊడిన తడి పెచ్చులన్నీ సంచిలో వేయించి మూతి కట్టించింది. మూడు గదులూ తడిగుడ్డతో తుడిచి, గుడ్డలు పారేసి, మళ్ళీ కొత్త గుడ్డలతో తుడిచింది. తర్వాత లైన్లో పసిపిల్లలున్న ఇళ్ళన్నీ తిరిగింది. పిలవకుండా లోపలికి వెళ్ళి కిటికీ చెక్కలు గోరుతో గిల్లి చూసింది. నాలుగు తిట్లు తిన్నది, కానీ ఇద్దరు ముగ్గురు పిల్లలకి రక్తపరీక్షలు చేయించారు. నాకు లడ్డూలు తిప్పి పంపిన దీదీ కూడా చేయించింది.

మా ఇంటి వంతు చివర వచ్చింది. మా అమ్మాయి పురిటికి వస్తోంది, పసిబిడ్డ తిరగబోయే ఇల్లు కనక మేమూ ఆ పెయింటర్నే పిలిచాం. అప్పని పిలవలేదు, అయినా వచ్చింది. మా ముందుగది కిటికీకి కింది చెక్క మీద ఇంకో పలక కొట్టి ఉండేది. నున్నటి పలక, రంగు లేనిది, చుట్టూ మేకులు. ఏళ్ళ తరబడి దాని మీద గ్లాసులు పెట్టుకుంటున్నాను, అదొకటి ఉందని కూడా మర్చిపోయాను. పెయింటరు దాన్ని గునపంతో లేపాడు. కింద అదే ఆకుపచ్చ.

"ఈ పలక ఎప్పుడు కొట్టినారు?" అంది అప్ప.

"అమ్మాయి పాకినప్పుడు."

"ఎవులు కొట్టినారు?"

"ఇంకెవులు, ఈయనే."

"ఎందుకు?"

"గుంట నోరెడతాదని."

ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాకే దాని అర్థం నాకు తెలిసింది. ఆనాడు మా ఆయన అన్న మాటే అది. అప్పుడు నేను మురికికి అనుకున్నాను.

అప్ప ఆ పలకకేసి చూసింది. తర్వాత వాకిట్లో కుర్చీలో ఉన్న మా ఆయనకేసి చూసింది. ఆయన లేచి, చెప్పులేసుకుని, టీ తాగొస్తానని గేటు తీసుకుని వెళ్ళాడు. గుప్పెడు మురీలకే నన్ను కుళాయి దగ్గర దోషిని చేసిన మనిషి. ఇప్పుడు చేతికి మేకులతో సహా సాక్ష్యం దొరికింది. సాయంత్రానికి లైనంతా ఏమనుకుంటుందో తలుచుకుని నిలబడిపోయాను.

"పానీ మారో" అంది అప్ప పెయింటరుతో. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పనయ్యేదాకా ఉండి, గుడ్డలు నా చేత పారేయించి, ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఎవరికీ ఏమీ తెలీదు. మర్నాడూ తెలీదు. ఆ తర్వాత ఎన్నడూ ఎవరికీ తెలియలేదు. ఆవిడ కొడుకుతో కూడా అనలేదని నాకు తెలుసు, అని ఉంటే అతను మా గేటు ముందుకు వచ్చి ఉండేవాడు.

అప్ప ఎందుకు నోరు మూసుకుందో నేను చాలా ఆలోచించాను. మా ఆయనకి ఆ రోజుల్లోనే తెలుసునని ఆ పలక చెప్పేసింది. తనకి తెలిసిన సంగతి పక్కింటి అన్నకి చెప్పాడా లేదా అన్నదొక్కటే మిగిలింది. చెప్పలేదంటే, మా ఆయన మా పిల్లని కాపాడుకుని పక్కింటి పిల్లల్ని గాలికి వదిలేశాడు. చెప్పాడంటే, అప్ప మొగుడు విని కూడా ఏటేటా ఆ రంగే పూశాడు. గోడ మీద నుంచి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. పాలవాణ్ణీ చేపలవాణ్ణీ డాక్టర్నీ వదలని మనిషి ఆ ఒక్క మాట అడగలేదు. చెప్పానని మా ఆయన అంటే తను ఇక బతకలేనని భయపడి ఉంటుంది. చెప్పలేదని అంటాడేమోనని నాకు భయం. అందుకే నేనూ అడగలేదు.

పిల్ల రక్తంలో సీసం నెమ్మదిగా దిగింది. ఇప్పుడు బడికి వెళ్తోంది. కుదురు లేదంటుంది టీచరు, చెప్పింది చెప్పినట్టు మర్చిపోతుందంటుంది. అది సీసం వల్లో దాని స్వభావమో చెప్పగలిగినవాళ్ళు లేరు. అప్ప రోజూ సాయంత్రం దాని చేత అక్షరాలు దిద్దించేది, తప్పు రాస్తే ఏమీ అనేది కాదు. పలక తుడిచి మళ్ళీ దిద్దించేది.

మొన్న మా ఆయన అందరితో పాటు శ్మశానానికి వెళ్ళి పొద్దువాలి వచ్చాడు. స్నానం చేసి పీట మీద కూర్చున్నాడు. నేను వడ్డించాను. ఆయన అన్నం కలపలేదు.

"వదిన నన్ను ఒక్క మాటైనా అడగనేదు" అన్నాడు కంచంలోకి చూస్తూ.

"నేనూ అడగనేదు" అన్నాను.

ఆయన తలెత్తి నాకేసి చూశాడు. నేను ఇంకో గరిటె పప్పు వేసి, చల్లారిపోతోంది తినమన్నాను.